ఎవరి పొలమో చెప్పి నొక్కు

మంచిర్యాలలో కెమెరాలమ్మే కొట్టతను కొత్త మిర్రర్‌లెస్ ఒకటి నా చేతిలో పెట్టాడు. ఎదురుగా ఉన్న రోడ్డు మీదికి గురిపెట్టి నొక్కాను. ఏ చప్పుడూ రాలేదు. ఫోటో పడిందో లేదో తెలియక అతని మొహంలోకి చూశాను. "పడ్డది మేడం. మీ పాతదాని లెక్క ఠక్కుమని కొట్టుకోదు. గా పాతది ఎక్స్‌ఛేంజ్‌ల ఇచ్చేయున్రి" అని నవ్వాడు. నా సంచిలో ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చే వెలుగును కంటికి అందిస్తుంది, నొక్కగానే లేచి మళ్లీ పడుతుంది. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే ఉండదు. ఆ ఠక్ లేకపోతే నాకు ఫోటో తీసినట్టే ఉండదు. అతను మాత్రం తన ధోరణిలో తనున్నాడు. "లాండ్‌స్కేప్‌లు తీస్తరు గదా, కంప్యూటర్ల ఏసుకుంటె కరెంటు తీగలు, ఎండిన చెట్లు, అడ్డమొచ్చినయన్నీ తీసెయ్యొచ్చు." ఎండిన చెట్లు అనే మాట దగ్గర నా ఒళ్లు మండింది. పాపం, అతనికేం తెలుసు. కెమెరా బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చాను. సిరొంచ బస్సు ఎక్కినా ఆ మంట తగ్గలేదు. అది అతని మీది కోపం కాదు. ఎవరి మీదిదో చెప్పాలంటే ముందు కమలక్క సంగతి చెప్పాలి.

నదికి అవతల, మహారాష్ట్రలో పడే మా సిరొంచ బజారులో కమలక్కకు ఒక ఫోటో స్టూడియో ఉండేది. పెట్టింది ఆమె భర్త. ఆయన పోయాక ఇక తాళం పడుతుందని అందరూ అనుకుంటే, ఆమె బోర్డుకు కొత్త రంగు వేయించి కుర్చీలో కూర్చుంది. నేను మా ఊరు రేగుంట నుంచి వచ్చి కాలేజీలో చేరిన కొత్తలో గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగడానికి వెళ్లాను. "మెడ నిటారుగ పెట్టు పిల్లా. ఏం తప్పు జేసినవని తల దించినవ్?" అంది. ఎవరూ నాతో అలా మాట్లాడి ఉండలేదు. ఫోటో తీసుకుని వెళ్లినదాన్ని మర్నాడు వట్టినే మళ్లీ వెళ్లాను, ఆ తర్వాత అక్కడే పనికి కుదిరాను. నోరు మంచిది కాదు ఆమెకు. పెళ్లికొడుకు తండ్రినైనా సరే ఫ్రేముకు అడ్డం నిలబడితే రెక్క పట్టుకుని జరిపేది. పెళ్లిళ్లు పొట్ట కోసం తీసేది, నదిని మాత్రం తన కోసం తీసుకునేది.

మొదటిసారి నన్ను ప్రాణహిత ఒడ్డుకు తీసుకుపోయిన సాయంత్రం నాకిప్పటికీ మంటే. ఎండ పచ్చబడుతోంది, నీళ్లు మెరుస్తున్నాయి. నేను ఆత్రంగా కెమెరా ఎత్తాను. ఆమె లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం తీస్తున్నవ్?"

"లాండ్‌స్కేప్, అక్కా."

"ఆ ఎడమదిక్కు మూల పొలం ఎవ్వరిది?"

"తెల్వది."

"తెల్వకుంటె ఎట్ల తీస్తవ్? పో, అడిగి రా."

చెప్పులు బురదలో కూరుకుపోతుంటే పోయి, నారు పీకుతున్న ఒకావిడను అడిగి వచ్చాను. వచ్చి చెప్పగానే కుడివైపు మూల చూపించింది. అదీ అడిగి వచ్చేసరికి వెలుగు పోయింది. "ఇగ రేపొద్దాం" అని ఆమె సంచి సర్దుకుంది. ఆమె స్కూటీ వెనక కూర్చుని కోపంతో ఏడ్చాను. ఆమె పద్ధతే అంత. ఫ్రేములో పడే ప్రతి చెక్కా ఎవరిదో పైకి చెప్పాలి, చెప్పాకే నొక్కాలి. చూడ్డానికి వచ్చినవాళ్లకు అది దృశ్యం, అక్కడ ఉండేవాళ్లకు మాత్రం ఒకరి పొలం, ఒకరి గట్టు, ఒకరు పశువులను దించే రేవు. ఊరికే పడి ఉన్న నేల అంటూ ఎక్కడా లేదని నాకు నేర్పింది ఆమె. ఆమె చూపించేదాకా నేను పుట్టి పెరిగిన నేల నాకే తెలియదు.

మిర్రర్‌లెస్ అనే మాట మా బజారులో మొదట వినిపించింది చంద్రపూర్ నుంచి ఒక పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫర్ నోట. సాయంత్రం అతనూ మాతో నదికి వచ్చాడు. తన కెమెరా కమలక్క చేతికిచ్చి చూడమన్నాడు. ఆమె కంటికి ఆనించి, తీసి, నదిని ఒకసారి చూసి, మళ్లీ ఆనించింది. లోపల కనబడేది నది కాదు, చిన్న తెర మీద దాని బొమ్మ. "ఇదేంది, నది ముంగట నిలవడి టీవీ చూసుడా?" అంది. మసక వెలుతురులో కూడా ఇందులో ఎంత తేటగా కనబడుతుందో అతను ఓపిగ్గా చెప్పబోయాడు. "మబ్బైతే మబ్బుగనే కనవడాలె గదా తమ్మీ. ఎంత వెలుగు మిగిలిందో నా కన్నుకు తెల్వద్దా?" అని తిరిగి ఇచ్చేసింది.

మిర్రర్‌లెస్‌ను తక్కువ చేసి మాట్లాడడానికి ఇదంతా రాయడం లేదు. పెళ్లిళ్లకు నేనూ అదే అద్దెకు తెచ్చుకుంటాను. తేలికగా ఉంటుంది, మంత్రాల మధ్యలో ఠక్కు ఠక్కుమని నలుగురూ తిరిగి చూసే బాధ ఉండదు. కానీ జింగనూర్ వైపు అడవిలోకి పోయి కరెంటు లేని చోట ఉండిపోవాల్సి వస్తే ఆ పాతదే దిక్కు. అద్దంలోంచి చూడడానికి బ్యాటరీ ఖర్చు కాదు, కాబట్టి ఎంతసేపైనా చూస్తూ నిలబడవచ్చు. కమలక్క భర్త కొన్న లెన్సులన్నీ కూడా దానికే పడతాయి. ఇవన్నీ కమలక్కకూ తెలుసు, అయినా ఎవరికీ ఈ లెక్కలు చెప్పేది కాదు. నాకు ఒకే మాట చెప్పింది. "నొక్కినప్పుడు అద్దం లేస్తది, ఆ జరసేపు నీకేం కనవడది. అందుకే ముందుగాలనే మంచిగ చూసుకోవాలె."

ఆమె అంతగా చూసుకున్నది తమ్ముడు మల్లయ్య పొలాన్ని. కింద ఎక్కడో నదికి అడ్డం కట్టిన కట్టతో వానాకాలం నీళ్లు వెనక్కి ఎక్కి ఒడ్డు పొలాల మీద నిలిచిపోతున్నాయి. మల్లయ్య వరి పొలం అలాగే పోయింది. గట్టు మీది ఇప్పచెట్లు నీళ్లలో నిలబడే ఎండిపోయాయి. ఆ మొద్దుల వరుసను ఒక ఫోటో తీయడానికి కమలక్క చలికాలమంతా తెల్లారకముందే ఒడ్డుకు పోయింది. మంచు మరీ చిక్కగా ఉన్నా, పూర్తిగా విడిపోయినా నొక్కకుండానే తిరిగి వచ్చేది. చివరికి ఒక ఫోటో దొరికింది. బూడిదరంగు నీళ్లలో నల్లటి మొద్దులు, అంతే. "పొలమైతే పోయింది. గీ మొద్దులుంటెనే ఇక్కడొక గట్టుండె అంటె ఎవ్వలన్న నమ్ముతరు" అంది.

ఆ ఫోటో కోసం ఉత్సవం చేసేవాళ్లు వచ్చారు. ప్రాణహిత గోదావరిలో కలిసే సంగమం చూడ్డానికి జనం రావాలట, ఒడ్డున పెద్ద ఫ్లెక్స్ పెడతారట. స్టూడియోలో కూర్చుని తెగ మెచ్చుకున్నారు, టీ తాగారు. కింద మల్లయ్య పొలం అని రాయాలని ఒకటే అడిగింది కమలక్క. అలాగే అన్నారు. ఫ్లెక్స్ కట్టిన పొద్దున మేం ముగ్గురం పోయాం. గులాబీ ఆకాశం. నీలం నీళ్లు. పైన మరాఠీలో స్వాగతం. మొద్దులు లేవు, ఒక్కటి కూడా లేదు, అవి ఉన్నచోట నీళ్లు నున్నగా అలికేసినట్టున్నాయి. మల్లయ్య చాలాసేపు దాన్ని అటూ ఇటూ వెతికి, "అక్కా, నా పొలమేదే?" అన్నాడు.

నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఉత్సవం పెద్దమనిషి అక్కడే కుర్చీలు వేయిస్తున్నాడు. పోయి నిలదీశాను. సరదాగా చూడ్డానికి వచ్చేవాళ్లకు చచ్చిన చెట్లెందుకని మరాఠీలో నింపాదిగా అన్నాడు. ఒకసారి నీళ్లలో మునిగిన పొలాన్ని ఈయన రెండోసారి ముంచాడు, అదీ కూర్చున్నచోటి నుంచి లేవకుండా. నోటికొచ్చినట్టు తిట్టాను. కింద పడి ఉన్న గడ్డపార అందుకుని ఫ్లెక్స్ మీదికి పోబోతే కమలక్క నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యెట్ల వణుకుతున్నదో చూడు. కోపమొచ్చినప్పుడు ముందుగాల ట్రైపాడ్ పెట్టాలె."

గడ్డపార తీసి పక్కన పెట్టి, ఫ్లెక్సుకు ఎదురుగా మూడుకాళ్ల ట్రైపాడ్ పాతింది. ఫ్లెక్స్ ఎడమవైపుకు వచ్చేలా, దాని పక్కనుంచి అసలు నదీ అసలు మొద్దులూ కనబడేలా జరిపింది. "మల్లిగా, పో, నీ పొలం ముంగట నిలవడు" అంది. ఆయన పోయి తలపాగా సర్దుకుని మధ్యలో నిలబడ్డాడు. అప్పుడు ఆమె ఒడ్డంతా వినేటట్టు ఒక్కో మూల ఎవరిదో చెప్పుకుంటూ వచ్చి, చివర "నడుమ మల్లయ్య పొలం" అని నొక్కింది. ఠక్. పెద్దమనిషి ఆ ఫోటో చెరిపేయమని బతిమాలాడు. "ఉన్నదే తీసిన. నీ లెక్క లేనిది వెట్టలే" అంది కమలక్క. ఆ ఫోటో స్టూడియో ముందు అద్దంలో చాలాకాలం ఉంది. ఫ్లెక్సును మాత్రం ఎవరూ దించలేదు, గాలివానకు దానంతట అదే చిరిగింది.

మొన్నటి వానాకాలం కమలక్క జ్వరంతో పోయింది. సంతాపసభ పెట్టినవాళ్లు వేదిక వెనక ఏం కట్టారో తెలుసా? అదే గులాబీ ఆకాశం. దాని మీద ఆమె మొహం అతికించి గొప్ప కళాకారిణి అని రాశారు. నేను లేచి వచ్చేశాను. ఆ రోజు వాళ్లను క్షమించలేదు, ఇప్పుడూ క్షమించను. కోపం చల్లారితే మంచిదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాది చల్లారనక్కరలేదు, కదలకుండా నిలబడితే చాలు.

మంచిర్యాల నుంచి వచ్చి సిరొంచలో బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా ఒడ్డుకు పోయాను. ట్రైపాడ్ పెట్టి కన్ను ఆనించాను. ఎడమ మూల ఎవరిదో చెప్పాను, కుడి మూల ఎవరిదో చెప్పాను. మధ్యకు వచ్చేసరికి మాట ఆగింది. మిగిలిన మొద్దులు కూడా ఈ ఏడాది వరదకు కూలిపోయాయి. అక్కడిప్పుడు ఒట్టి నీళ్లు, అచ్చం ఆ ఫ్లెక్సులో ఉన్నట్టే.

"నడుమ మల్లయ్య పొలం" అని గట్టిగా చెప్పి నొక్కాను.