తుమ్మముల్లు మీద పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో సినిమా పాట వినాలంటే ముందు ముల్లు చెక్కాలి. ఈ మాటంటే మా మనవలు నవ్వుతారు. నవ్వనీండి, వాళ్ళకేం తెలుసు. గ్రామఫోన్ పెట్టెకు ఉక్కు సూది ఉంటుందని ఎవరినడిగినా చెప్తారు. జనగామలో రైసు మిల్లుల వెనక వాడలో మా మేనమామ తుమ్మముల్లు పెట్టి పాటలు పలికించేవాడంటే మాత్రం ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ఆ ముళ్ళు ఏరి తెచ్చినదాన్ని నేను. ఒకరోజు ఆ ముల్లును పక్కనబెట్టి పెద్ద తప్పు చేసినదాన్నీ నేనే.

మా మామ అమ్మకు తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. పెళ్ళిళ్ళకు గ్రామఫోన్ తీసుకుపోయి పాటలు వేయడం ఆయన పని. కరెంటుతో పనిలేదు, పక్కనున్న పిడి తిప్పితే చాలు. ఉక్కు సూదులు చిన్న రేకు డబ్బీల్లో వచ్చేవి. ఒక్కో పాటకు ఒక్కో సూది మార్చాలి. మార్చాలంటే దొరకాలి కదా. ఊళ్ళల్లో దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు, వాళ్ళను పట్టడానికి రోడ్ల మీద మిలిటరీ, ఎప్పుడు ఏ బండిని ఆపుతారో తెలియని కాలం. సూదుల కోసం సికింద్రాబాద్ ఎవరు పోతారు? అందరూ ఒకటే సూదిని మొద్దుబారేదాకా వాడేవాళ్ళు. మొద్దు సూది రికార్డును గీకుతుంది, నల్లటి పొడి రాలుతుంది. నేను ఆ పొడిని ఉఫ్‌మని ఊదబోతే మామ ఆపి, అది దుమ్ము కాదు పిల్లా, పాటే అట్ల రాలుతుంది అని చెప్పేవాడు.

అందుకని ఆయన ముల్లు పట్టుకున్నాడు. నల్లతుమ్మకు పొడుగ్గా, తెల్లగా, తిన్నగా ఉండే ముళ్ళుంటాయి. వాటిని తెచ్చి పొయ్యి పైన పొగ తగిలేచోట పది రోజులు పెట్టేవాడు. గట్టిపడ్డాక ఉక్కు సూదంత పొడుగున కోసి, బ్లేడుతో మొన చెక్కి, నున్నటి రాయి మీద అరగదీసేవాడు. పెళ్ళిళ్ళలో ఎట్లాగూ గోల కాబట్టి అక్కడ ఉక్కు సూదే. ఇంట్లో మాత్రం ముల్లు. ముల్లుతో పాట చిన్నగా వస్తుంది, కానీ రికార్డు మీది గీతకు గాటు పడదు. అరిగితే ముల్లే అరుగుతుంది గానీ రికార్డు అరగదు.

మా వాడ మూలమీద ఇంట్లో ఒక అవ్వ ఉండేది. ఇరవై ఏండ్లు మిల్లులో ధాన్యం చెరిగిన మనిషి. ఆ మిల్లు రొదకు చెవులు సగం పోయాయి. ఆమెకు ఒక్కడే కొడుకు, వాడూ అదే మిల్లులో బస్తాలు మోసేవాడు. వాడికి సినిమా పాటలంటే పిచ్చి. ఎవరితోనో సికింద్రాబాద్ పోయి కూలి పైసలతో ఒక రికార్డు కొనుక్కొచ్చాడు. పెట్టె లేకుండా రికార్డు కొన్న మొనగాడు జనగామ మొత్తంలో వాడొక్కడే అని మా అమ్మ ఎగతాళి చేసేది. పని దిగగానే తలకు అంటిన తవుడు దులుపుకుంటూ మా ఇంటికొచ్చి, ఆ పాట పెట్టించుకొని, నడుమ పిల్లనగ్రోవి ఒక్కటే వచ్చేచోట తానూ ఈల వేసేవాడు. మిలిటరీ వచ్చిన ఏడాది వాడు సంగపోళ్ళతో కలిసి పోయాడు. పోయేముందు రికార్డును మామ చేతికిచ్చి, మా అవ్వకు అప్పుడప్పుడు వినిపించమని చెప్పి పోయాడు. అంతే, మళ్ళీ కబురు లేదు. ఉన్నాడో లేడో చెప్పేవాళ్ళు లేరు. కొడుకుది ఒక ఫొటో కూడా లేదు ఆ తల్లికి. ఉన్నదల్లా ఆ పాటే.

ప్రతి గురువారం మధ్యాహ్నం అవ్వ వచ్చేది. మామ ముల్లు పెట్టి పాట వేసేవాడు. అవ్వ పాట బయటికొచ్చే గొట్టానికి దగ్గరగా కూర్చొని కొంగు పక్కకు తీసి చెవి పెట్టేది. పాట అయిపోయాక మామను ఏమీ అనేది కాదు. లేచిపోతూ నన్ను మాత్రం మెల్లగా అడిగేది, ఈల వేసే చోటు వచ్చిందా బిడ్డా అని. వచ్చింది అవ్వా అనేదాన్ని. నాకు వినరాలేదు అనేది. నాకు తొమ్మిదేండ్లు. ఆమె తన ఇల్లు చేరేదాకా గడపలోనే నిలబడి చూసేదాన్ని.

ఒక గురువారం మామ ఊళ్ళో లేడు. కురవి వీరన్న గుడికి మొక్కుకని బంధువులతో పోయాడు. అమ్మ చేనుకు పోయింది. అవ్వ వేళకు వచ్చి గడపలో కూర్చుంది. మామ లేడని పంపించేయాల్సింది నేను. పంపలేదు. నాకు పిడి తిప్పడం వచ్చు, ముల్లు బిగించడం వచ్చు, అన్నీ వచ్చు అనే పొగరు. అదొక్కటే కాదు, ఈసారి అవ్వకు ఆ ఈల చోటు వినిపించాలని పట్టుదల. మామ పెళ్ళిళ్ళలో వాడేసి, మొద్దుబారాక పక్కన పెట్టిన ఉక్కు సూదులు డబ్బీలో ఉన్నాయి. లావు సూదికి పాట గట్టిగా వస్తుందని తెలుసు, లావుగా ఉన్నది ఒకటి ఏరి బిగించాను.

పాట ఇల్లంతా మోగింది. అవ్వ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. పిల్లనగ్రోవి వచ్చేచోట చెయ్యెత్తి, గదే గదే అంది. మళ్ళీ పెట్టమంది, పెట్టాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. అవ్వ నా తల నిమిరి సంతోషంగా వెళ్ళిపోయింది. రికార్డు తీస్తుంటే వేళ్ళకు నల్లగా పొడి అంటింది. నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. ఆ పొడిని లంగాకు తుడుచుకొని, సూదిని డబ్బీలో పడేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

పై గురువారం మామ ఎప్పటిలాగే ముల్లు పెట్టాడు. పాట రాలేదు. వచ్చింది గానీ జలుబు చేసిన గొంతుతో వచ్చింది. పిల్లనగ్రోవి చోట ఒట్టి బుసే మిగిలింది. అవ్వ మామ మొహం చూసింది, నా మొహం చూసింది. వినపడకపోతే తన చెవులే అనుకునే మనిషి. ఇయ్యాల నా చెవులు మరీ పోయినయ్ కొడుకా అని లేచి వెళ్ళిపోయింది. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. మామ రికార్డును వెలుతురులోకి పట్టుకొని చూశాడు. నిగనిగలాడే నల్లటి రికార్డు బూడిదరంగుకు తిరిగింది. డబ్బీ తెరిచి సూది కూడా చూశాడు. నన్నేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది.

కొట్టి ఉంటే బాగుండేది. ఆయన కొట్టలేదు, తిట్టనూ లేదు. ముళ్ళ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి కూర్చోమన్నాడు. రికార్డు మీది గీత పొలంలో నాగటిచాలు లాంటిదని, లావు సూది ఆ చాలు గోడలనే అరగ్గొట్టిందని, అడుగుదాకా అది పోలేదని చెప్పాడు. అడుగున ఇంకా పాట ఉంటుంది, అక్కడికి దిగేటంత సన్నటి ముల్లు కావాలి అన్నాడు. రెండు రోజులు ఇద్దరం ముళ్ళు చెక్కాం. సన్నగా చెక్కితే విరిగేవి. విరగకుండా ఉంటే లావయ్యేవి. నా వేళ్ళు చీరుకుపోయాయి. ఎన్నో ముళ్ళు పోయాక ఒక ముల్లు దిగింది. పాట వచ్చింది. గొంతులో జీర కొంచెం ఉంది గానీ పిల్లనగ్రోవి తేటగా వచ్చింది. కానీ ఎంత చిన్నగా! నా చెవులకే ఆనీ ఆననట్టుంది. ఇక అవ్వకేం వినపడుతుంది? నేను అదే అడిగాను. గట్టిగా వచ్చేట్టు చేయలేమా మామా అని.

"పాటను పెద్దగ చెయ్యకు బిడ్డా," అన్నాడు మామ. "సుట్టూ సప్పుడు తక్కువ చెయ్యి."

ఆ సప్పుడు తగ్గించే పని నాకే అప్పజెప్పాడు. అదే నా శిక్ష. ఇంటింటికీ పోయి, నేను చేసిన పని నా నోటితో చెప్పి, గురువారం మధ్యాహ్నం ఒక్క పాటసేపు చేతిలో పని ఆపమని అడగాలి. ఎదురింట్లో వడ్లు దంచుతారు, పక్కింట్లో జొన్నలు విసురుతారు, వాడ చివర కమ్మరి కొలిమి. సిగ్గుతో చచ్చిపోయాను. ఎదురింటి అక్క నవ్వి సరేనంది. పక్కింట్లో జొన్నలు విసిరే ముసలామె, ఒక్కగానొక్క పాట, దాన్నీ పాడుచేసినవా అని నాలుగు తిట్టి ఒప్పుకుంది. కమ్మరి తాత మాత్రం కాలిన ఇనుము నా కోసం ఆగుతుందా అన్నాడు. నేను కదలకుండా నిలబడితే చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. నువ్వొచ్చి చెప్పినప్పుడు ఇనుమును పొయ్యిలో పెడతా, అది కాలేలోపు మీ పాట కావాలె అన్నాడు.

ఆ గురువారం నేను వాడ పొడుగునా పరుగెత్తి వచ్చాను. రోకలి ఆగింది. విసుర్రాయి ఆగింది. సుత్తి ఆగింది. ఆ రోజుల్లో వాడ అట్లా ఒక్కసారిగా నిశ్శబ్దమైందంటే మిలిటరీ జీపు వచ్చినట్టు లెక్క. పాట సంగతి తెలియని కొత్త కోడలొకామె భయపడి తలుపు కూడా వేసుకుంది. మామ సన్నటి ముల్లు దించాడు. అవ్వ తల పూర్తిగా గొట్టంలోకి పెట్టింది. నేను ఆమె చెయ్యినే చూస్తున్నాను. పిల్లనగ్రోవి చోటు వచ్చింది. అవ్వ చెయ్యి మెల్లగా లేచింది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

అప్పటినుంచి ప్రతి గురువారం అంతే. వానైనా, పంట రోజులైనా, ఇంట్లో చుట్టాలున్నా, అవ్వ పాటకు వాడ ఆగేది. కొన్నాళ్ళకు నేను పరుగెత్తే పని కూడా లేకపోయింది. అవ్వ కర్ర పట్టుకొని మా ఇంటి గడప ఎక్కుతుంటే చూసి ఎవరికి వాళ్ళే ఆపేసేవాళ్ళు. అట్లా రెండేండ్లు నడిచింది. ఆ రెండేండ్లలో ఆ రికార్డుకు ఉక్కు సూది మళ్ళీ తగల్లేదు.

పోరాటం ఆగిపోయాక జైళ్ళ నుంచి ఒక్కొక్కరినే వదిలిపెట్టారు. ఒకనాటి మధ్యాహ్నం అవ్వ ఒక మనిషిని మణికట్టు పట్టుకొని మా ఇంటికి తీసుకొచ్చింది. గడ్డం పెరిగి, ఎముకలు తేలి ఉన్నాడు. నేను గుర్తుపట్టలేదు, మామ గుర్తుపట్టాడు. పెట్టె తెచ్చి నడుమ పెట్టి నా వైపు చూశాడు. నేను ముల్లు అందించాను. అది గురువారం కాదు. అయినా తల్లీ కొడుకులు మా గడప ఎక్కడం వాడలో అందరూ చూశారు. ముందు ఎదురింటి రోకలి ఆగింది. తర్వాత విసుర్రాయి. చివరికి కొలిమి.

కొడుకు చటుక్కున లేచి నిలబడ్డాడు. వెనక తలుపు ఎటుందో చూసుకున్నాడు.

"ఏమైందే అవ్వా? ఎవలన్న వస్తున్నరా?"

"ఎవ్వలు వస్తలేరు బిడ్డా," అంది అవ్వ. "కూసో. నీ పాట వస్తుంది."

వాడు కూర్చున్నాడు. పాట మొదలైంది. ఈల వేసే చోట వాడు ఈల వేయలేదు, తలొంచుకొని వింటూ ఉన్నాడు. అవ్వ ఈసారి గొట్టంలో తల పెట్టలేదు, కొడుకు మొహమే చూస్తూ కూర్చుంది. పాట అయ్యాక వాడు రికార్డును తీసి వెలుతురులో పట్టుకున్నాడు. కొత్తగా కొన్నవాడికి తెలియదా ఎట్లుండేదో. నేను అరగ్గొట్టిన అన్నా అని నేనే చెప్పేశాను. వాడు నన్ను చూసి మొదటిసారి నవ్వాడు. అరిగితె అరగనీ, మా అవ్వ ఇన్నది గద అన్నాడు. బయట కమ్మరి తాత సుత్తి మళ్ళీ మొదలైంది.

పెళ్ళయి చాలా ఏండ్లకు, క్యాసెట్లు వచ్చిన కాలంలో, నేనూ మా ఆయనా జనగామలోనే క్యాసెట్ల కొట్టు పెట్టుకున్నాం. మనుషులు చీటీ మీద పాటలు రాసుకొచ్చేవాళ్ళు, ఏ సినిమాదో ఏ ఏడాదిదో అన్నీ ఏరి ఒక క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేదాన్ని. ఒక పాట అరుస్తుంది, పక్క పాట గొణుగుతుంది. గొణిగేదాన్ని పెంచితే బుస కూడా పెరుగుతుంది, అందుకని అరిచేదాన్నే తగ్గించి రెండింటినీ ఒక ఎత్తుకు తెచ్చేదాన్ని. మిషను మీద సౌండ్ ఎంతుందో చూపే ముల్లును ఎర్ర గీత దాటనిచ్చేదాన్ని కాదు. సౌండ్ తక్కువుందని వాపసు తెచ్చినవాళ్ళు ఉన్నారు. ఇరవై ఏండ్ల తర్వాత ఆ క్యాసెట్ ఇంకా పలుకుతుందని చెప్పడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు మా మనవడికి అదే పని, కంప్యూటర్ మీద. పాత పాటలు ఏరి ఆల్బమ్‌లు చేస్తాడు. మొన్న ఒకటి తెచ్చి వినిపించాడు. అన్ని పాటలూ ఒకటే ఎత్తున మోగుతున్నాయి, ఎక్కడా బుస లేదు. బాగుంది గానీ నాయినా, బుసతోపాటు పాడే మనిషి ఊపిరి కూడా తీసేసినవు, అది వాపసు పెట్టు అన్నాను. నా చెవులూ ఇప్పుడు అవ్వ చెవులే అయ్యాయి. తర్వాతి వారం వాడు సరిచేసి తెచ్చాడు, నాకు వినపడదేమోనని గబగబా వాల్యూమ్ పెంచబోయాడు. వద్దని, ముందు ఫ్యాను ఆపమన్నాను.