మోదుగు పూసిందా అన్నా?

మా చిన్నప్పుడు... మాఘమాసం వచ్చిందంటే చాలు, మా అవ్వకు... మా దగ్గర అమ్మను అవ్వ అనే అంటాం... కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద కూర మాడుతున్నా వదిలేసి గడపలోకి వచ్చి, "బస్సు వచ్చే యాళ్లయింది బిడ్డా... జర అడిగి రాపో" అని నన్ను తరిమేది.

నేను బస్సాగే స్టేజీ దాకా ఉరికేదాన్ని. ఆదిలాబాద్ నుంచి వచ్చే బస్సు మా ఊళ్లో ఆగేది. కండక్టరన్న తలుపు తీయకముందే కిటికీ కింద నిలబడి అడిగేదాన్ని... "మోదుగు పూసిందా అన్నా?"

"ఇంక పూయలే బిడ్డా. మొగ్గ నల్లగనే ఉన్నది."

ఆ ఒక్క మాట పట్టుకొని మళ్లీ ఇంటికి ఉరుకుడు...

మాది కరీంనగర్ దగ్గర ఓ చిన్న ఊరు. బాపు, అంటే మా నాన్న, మరమగ్గాలు నడిపేవాడు... మా దగ్గర సాంచాలు అంటాం. అవ్వ పుట్టిల్లేమో నిర్మల్ దాటి, ఘాట్ ఎక్కి, ఇచ్చోడ అవతల. మోదుగులన్నీ ఆకు రాల్చేసి ఒంటినిండా పూస్తే ఆ అడవి ఎట్లా ఎర్రబడుతుందో బాపుకు ఒక్కసారి చూపించాలి... పెళ్లయినప్పటి నుంచి ఆమెకు అదే పట్టు.

బాపుకు అది నవ్వులాట. "మోదుగంటె ఇస్తార్లు కుట్టే ఆకేనాయె. దాన్ని సూసుటానికి అంత దూరం పోవాల్నా?"

"మీ బాపు కండ్లకు దారం పోగులు తప్ప ఏం కనవడయి," అనేది అవ్వ నాతో... ఆయనకు వినబడేట్టు.

చిక్కు ఎక్కడంటే... ఆ పూత నిండుగా ఉండేది కొద్ది రోజులే. బాపుకు సెలవు దొరకడమే గగనం. ఆ రెండూ కలవాలి.

ఒక ఏడు మా ఊరి పొలిమేరలో ఉన్న ఒక్కగానొక్క మోదుగు పూసింది. ఇక్కడ పూసిందంటే అక్కడా పూసినట్టే అని అవ్వ లెక్క. కండక్టరన్నను అడిగే ఓపిక కూడా లేక మమ్మల్ని బయలుదేరదీసింది. ఘాట్ ఎక్కితే ఇంకా చలి పోలేదు... ఎటు చూసినా మోడు కొమ్మలు, నల్లటి మొగ్గలు. బాపు కిటికీలోంచి తొంగి చూసి, "మంచిగున్నదే నీ అడివి," అన్నాడు. అవ్వ తల తిప్పుకుంది.

మరుసటి ఏడు కాముని పున్నానికి పోదామన్నారు. ఆ రోజు సాంచాలు బంద్. మోదుగు పూలు నానబెట్టే కదా మనం హోలీ రంగు చేసేది... పున్నానికి పూలు లేకుండా ఎట్లా పోతాయి అనుకున్నాం. కానీ ఆ ఏడు అధికమాసం పడింది. పున్నం బాగా ఆలస్యమైంది... చెట్టు ఆగలేదు. మేం పోయేసరికి పూలన్నీ రోడ్డు మీద ఎండి, బండ్ల కింద నలిగి ఉన్నాయి. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. బాపు ఈసారి ఎగతాళి చేయలేదు.

ఆ తర్వాతి ఏడు... నేను స్టేజీకి పోయేలోపే కండక్టరన్న బస్సు దిగి నాకోసం చూస్తున్నాడు. చేతిలో ఒక కొమ్మ. "అడివి అడివంత పూసింది. మీ అవ్వను ఇయ్యాల్నే పొమ్మను. గాలి కొడితె ఉండయి."

అవ్వ నన్ను వెంటేసుకొని సాంచాల షెడ్డుకు పోయింది. ఆ చప్పుడులో మాట వినబడక ఇద్దరూ అరుచుకున్నట్టే మాట్లాడారు.

"సేటు బట్ట ఇయ్యాలంటుండు. ఆదివారం పోదాం తియ్," అన్నాడు బాపు.

"చెట్టుకు ఆదివారం తెల్వదు," అంది అవ్వ.

అంతే... మేమిద్దరమే బస్సెక్కాం. ఘాట్ దాటగానే నేను కిటికీకి అతుక్కుపోయాను. రోడ్డుకు రెండు దిక్కులా ఆకన్నది లేదు... నిప్పు రాజేసినట్టు ఉత్త పూలే. అవ్వ చిన్నపిల్లలా నవ్వింది. కాసేపే. తర్వాత మళ్లీ అదే తండ్లాట... "మీ బాపు సూడకపాయె." పుట్టింట్లో కుదురుగా కూర్చోనైనా కూర్చోలేదు. కొంగు నిండా పూలు కోసుకొని తిరుగు బస్సు ఎక్కేసింది.

ఇల్లు చేరేసరికి అవి వాడి నల్లబడ్డాయి. బాపు వేలితో కదిలించి చూసి, "గివేనా?" అన్నాడు.

హోలీ నాడు అవ్వ ఆ పూల రంగంతా బిందెతో ఆయన నెత్తిన గుమ్మరించింది... అదెంత కోపమో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఆ తర్వాత పోవడం కుదరనే లేదు. నా చదువు, పెళ్లి, బాపు మోకాళ్ల నొప్పులు... ప్రతి మాఘంలో అవ్వ మాత్రం అట్లాగే తిరిగేది. ఆ రోగం నాకూ అంటుకుంది. ఇప్పుడు బాపు సాంచాలు మానేశాడు. మొన్న ఎవరో ఇచ్చోడ దిక్కు నుంచి ఫోన్‌లో ఫొటో పెట్టారు... వెంటనే కారు తీసుకొని అవ్వ వాళ్ల ఇంటికి పోయాను. బాపు మంచం మీద నుంచే, "ఆదివారం పోదాం తియ్," అన్నాడు... అలవాటు మరి. అవ్వ అప్పటికే చెప్పులేసుకుంది.

ఘాట్ ఎక్కాక కారు నెమ్మది చేశాను. రోడ్డు వెడల్పు చేశారు కదా... పక్కన ఒక్క చెట్టు లేదు. అవ్వ పెదవి కొరుక్కుంటూ, "లోపటికి పోనియ్యి... ఇంక లోపటికి," అంటూనే ఉంది. మట్టిబాట పట్టి చాలా దూరం పోయాక... కనిపించింది.

బాపు కారు దిగి, డోర్ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. చాలాసేపు. అవ్వ పూలు చూడలేదు... ఆయన్నే చూస్తోంది.

"గిట్లుంటదా..." అన్నాడు చివరికి. మళ్లీ కాసేపటికి, "రేపటికి ఉంటయానే ఇవి?"

"ఉండయి," అంది అవ్వ. "గందుకే గదా నా పరేషానంత."

ఇప్పుడు ఏ అడవి ఎప్పుడు పూసిందో ఫోన్ తెరిస్తే తెలిసిపోతుంది... కొమ్మ తెచ్చి నాకోసం స్టేజీలో నిలబడే కండక్టరన్న లేడు, రోడ్డు పక్కన ఆ చెట్లూ లేవు. మీ ఇళ్లలోనూ ఇట్లా ఏదో ఒక పూతకో, కాతకో కాలు నిలవక తిరిగినవాళ్లు ఉండే ఉంటారు... వాళ్లు దాన్ని ఎవరికి చూపించాలనుకున్నారో చెప్పండి. ఇంకా చూపించకపోతే... ఆదివారం దాకా ఆగకండి.