సంఘం పేరు మీద వచ్చిన టెండరు

కొనుగోళ్ళ సెక్షన్‌లో పదిహేడేళ్ళు పనిచేశాక నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. ఎవరు తక్కువ ధర వేస్తే వాళ్ళకే ఆర్డరు. బెంచీలైనా అంతే, దుప్పట్లయినా అంతే. ఆ వస్తువు ఎవరి చేతుల్లో తయారైందని అడిగే గడి మా ఫారంలో ఎక్కడా ఉండేది కాదు. అందుకే ప్రభుత్వ కొనుగోళ్ళలో సామాజిక బాధ్యత ఉండాలంటూ కొత్త నిబంధనలు వచ్చినప్పుడు, మహబూబాబాద్‌లోని మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. హాస్టల్ పిల్లల యూనిఫారాల్లో కొంత భాగం ఇక మీదట స్థానిక మహిళా సంఘాలకే ఇవ్వాలి. సంఘం సభ్యులే స్వయంగా కుట్టాలి. ఆర్డరు ఇచ్చే ముందు ఆఫీసు నుంచి ఒకరు వెళ్ళి చూసి రావాలి.

మా అమ్మ కొడకండ్లలో జాకెట్లు కుట్టి నన్ను చదివించింది. ఆ కాగితాలు చదువుతుంటే, ఇన్నాళ్ళకు అమ్మలాంటి వాళ్ళు ఎవరికో గుర్తొచ్చారనిపించింది.

మొదటి దరఖాస్తు ఒక తండా సంఘం నుంచి వచ్చింది. పన్నెండు మంది లంబాడా స్త్రీలు. తీర్మానం, ఫొటోలు, బ్యాంకు పుస్తకం నకలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. జతచేసిన నమూనా చొక్కా కూడా బాగుంది. కానీ దాన్ని తిరగేసి చూసినప్పుడు నాకెక్కడో తేడా కొట్టింది. లోపలి అంచులన్నీ, పోగులు ఊడకుండా కరెంటు మిషన్ మీద ఓవర్‌లాక్ చేసి ఉన్నాయి. కాజాలు మిషన్ మీద తీసినవి. కాలితో తొక్కే మిషన్ల మీద కుడతామని దరఖాస్తులో రాసిన వాళ్ళు ఈ కాజాలు ఎట్లా తీశారు? ఎక్కడైనా బయట తీయించి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ ఫైలు పాస్ కావాలని నాకు అంత ఆశగా ఉంది.

తనిఖీకి నేనే వెళ్ళాను. సంఘం అధ్యక్షురాలికి నలభై అయిదేళ్ళుంటాయి. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టింది. కోడలితో తమ భాషలో ఏదో చెబితే ఆ పిల్ల చాయ్ తెచ్చింది.

"మిషన్లు ఎక్కడున్నయక్కా?" అని అడిగాను.

"షెడ్డుల ఉన్నయి మేడం."

"షెడ్డు ఎవలది?"

ఆమె కోడలి వైపు చూసింది. కోడలు నేల చూసింది. "సేటుది," అన్నది చివరికి.

సేటు అంటే మహబూబాబాద్ పట్నంలో బట్టల వ్యాపారి. ఎన్నో ఏళ్ళుగా మా ఆఫీసుకు యూనిఫారాలు సరఫరా చేస్తున్నది అతనే. నేను ఆ షెడ్డు చూస్తానన్నాను. ఆమె కాదనలేదు, నా వెంటే వచ్చింది. ఊరవతల రేకుల షెడ్డు. లోపల వరుసగా కరెంటు మిషన్లు, వాటి ముందు ఎక్కడినుంచో వచ్చిన మగ టైలర్లు. తండా ఆడవాళ్ళు చివర నేల మీద కూర్చొని బొత్తాలు కుడుతున్నారు, వేలాడే దారాలు కత్తిరిస్తున్నారు. ఫ్యాన్ గాలి వాళ్ళ దాకా రావడం లేదు.

బయటికొచ్చాక అడిగాను. "మరి మేమే కుడుతున్నమని సంతకం పెట్టిన్రు గదా అక్కా?"

"పెట్టుమన్నడు, పెట్టిన. కాయితంల ఏమున్నదో నాకేం ఎర్క?" నా చెయ్యి పట్టుకున్నది. "మేడం, కోతలు అయినంక మాకు ఈడ పని ఉండది. ఏటా పిల్లలను ఏసుకోని ఖమ్మం దిక్కు మిరపకాయ ఏరవోతుంటిమి. ఈ షెడ్డుల పని దొరికినంక రెండేండ్ల సంది పోతలేం. పిల్లలు బడికి వోతున్నరు. జర మంచిగ రాయి."

ఆటోలో తిరిగి వస్తుంటే, ఆమె పట్టుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

మా సారు చెడ్డవాడు కాదు. అంతా విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కాయితాలన్నీ సక్కగనే ఉన్నయి గదమ్మా. బడులు తెరిచే టైమైంది. నువ్విప్పుడు తిరకాసు పెడితే పిల్లలేం తొడుక్కోవాలె?"

"సార్, సంఘం కుట్టకపోతే ఈ నిబంధన ఎందుకు మరి?"

"నన్నెందుకు అడుగుతవ్? చూసొచ్చింది నువ్వు. నువ్వేం రాస్తే గది పైకి పంపుత."

రెండు రోజులు ఆ కాగితం నా డ్రాయర్‌లో ఖాళీగా ఉంది. అబద్ధం రాస్తే ఎవరికీ నష్టం లేదన్నట్టే ఉంది. పిల్లలకు బట్టలొస్తాయి, ఆడవాళ్ళకు పని ఉంటుంది, వ్యాపారికి ఆర్డరు ఉంటుంది. కానీ ఒక్కసారి అట్లా రాస్తే ప్రతి షెడ్డు వెనకా ఒక సంఘం పుడుతుంది, ఇక ఆ నిబంధనకు విలువుండదు. మూడో రోజు చూసింది చూసినట్టు రాశాను. చివరి పేరాలో మాత్రం ఒక మాట చేర్చాను: ఈ స్త్రీల తప్పేమీ లేదు, వీళ్ళకు మిషన్లు, శిక్షణ ఇప్పించి, ఆర్డరును చిన్న భాగాలు చేసి నేరుగా వీళ్ళకే ఇవ్వాలి.

పైనుంచి జవాబు తొందరగానే వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. చివరి పేరా సంగతి పరిశీలనలో ఉందన్నారు.

వ్యాపారి ఎవరితోనూ గొడవ పడలేదు. తండా ఆడవాళ్ళను రావద్దన్నాడు, అంతే. బొత్తాల పనికి పట్నంలోనే వేరేవాళ్ళను పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు అధ్యక్షురాలు నలుగురిని వెంటబెట్టుకొని మా ఆఫీసుకు వచ్చింది. అరవలేదు. నా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా అన్నది: "నువ్వు నిజమే రాసినవ్ మేడం. నేను గాదంటలేను. మల్ల మేమెట్ల బతకాలెనో గది గూడ రాయాలె గదా?"

నేను ఆత్రంగా ఫైలు తీసి చివరి పేరా చదివి వినిపించాను. ఆమె ఓపిగ్గా మొత్తం విన్నది.

"మంచిగ రాసినవ్," అన్నది. "గది పైన ఎవలన్న సదివిన్రా?"

నేను ఫైలు మూసి తాడు కట్టాను. పక్క బల్లల మీద అందరూ తలలు వంచుకొని ఏదో రాసుకుంటున్నట్టు నటించారు.

బడులు తెరిచారు. సంఘాలకని పక్కన పెట్టిన భాగం ఆగిపోయి, చాలా హాస్టళ్ళకు కొత్త బట్టలు రాలేదు. ఆ నెలలో ఒక బాలికల హాస్టల్‌కు వేరే పని మీద వెళ్ళాను. ప్రార్థనలో ముందు వరుసలో నిలబడిన ఒక అమ్మాయి పాత లంగాకు అంచు విప్పి పొడుగు చేసుకుంది. వెలిసిన బట్ట కింద, మడతలో దాగి ఉన్న పాత రంగు ముదురు పట్టీలా కనిపిస్తున్నది. చాలామంది లంగాలకు ఆ పట్టీ ఉంది. వార్డెన్ నాతో, "ఈసారి ఏందో లేటైంది మేడం, ఆఫీసుల ఎవరో అడ్డం పడ్డరంట," అన్నది. ఆ ఎవరో నేనే.

సంక్రాంతికి కాస్త ముందు నా చివరి పేరాకు కదలిక వచ్చింది. రెండు హాస్టళ్ళ బట్టలు నేరుగా తండా సంఘానికి ఇవ్వొచ్చన్నారు. ఆరు మిషన్లు కూడా వచ్చాయి. కబురు తీసుకొని నేనే వెళ్ళాను. కానీ అప్పటికే సంఘంలో సగంమంది మిరపతోటలకు పోయారు. మళ్ళీ ఏటికేడూ పోవాల్సిందే అనుకొని పిల్లల పేర్లు కూడా బడిలో తీయించుకొని పోయారు. పన్నెండు మందిలో మిగిలింది ఆరుగురు.

మొదట కుట్టిన చొక్కాల కాలర్లు వంకరపోయాయి. నాణ్యత చూసే కమిటీ వాళ్ళు చూసి మొత్తం వెనక్కి పంపుదామన్నారు. నేను రెండు వారాల గడువు అడిగి, రెండు ఆదివారాలు తండాకు పోయాను. కాలర్‌ను సగానికి మడిచి, మధ్యలో చిన్న గాటు పెట్టి, ఆ గాటును వీపు మధ్యకు కలిపి అక్కడినుంచి రెండు వైపులా కుట్టుకుంటూ పోవాలి. మా అమ్మ నాకు నేర్పింది అట్లాగే. అధ్యక్షురాలి కోడలు ఒక్కసారి చూసి పట్టేసింది. అత్త మాత్రం మిషన్ ముందు చాలాసేపు కూర్చొని, "నా చేతులకు కొడవలి తెలుసు గని ఇది తెల్వది," అని నవ్వింది. ఆ ఏడు ఆమె నవ్వగా చూసింది అదొక్కసారే.

బట్టలు హాస్టళ్ళకు చేరేసరికి చదువు సంవత్సరం సగం దాటింది. కొన్ని చొక్కాలు పిల్లలకు అప్పటికే బిగుతయ్యాయి.

తర్వాత నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. ఇక్కడా అవే నిబంధనలు, అవే ఫైళ్ళు. ఇటీవల కాటారం వైపు ఒక సంఘం హాస్టళ్ళకు దుప్పట్లు ఇస్తామని దరఖాస్తు పెట్టుకుంది. తనిఖీకి వెళ్ళినప్పుడు పరిస్థితి దాదాపు అదే: పేరు సంఘానిది, మగ్గాలు ఇంకొకరివి. ఈసారి నివేదిక రాయకముందే ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగాను, ఈ పని పోతే మీరేం చేస్తారని. వాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. వాళ్ళకు వేరే పని చూపించే దాకా దాన్ని ఆపి ఉంచడం తప్పా ఒప్పా నాకు తేలడం లేదు. ఫైలు ఆపితే చలికాలంలో పిల్లలకు దుప్పట్లు ఆగుతాయి.

మొన్న తండా అధ్యక్షురాలు ఫోన్ చేసింది. ఈ ఏడు తమకు నాలుగు హాస్టళ్ళు ఇచ్చారని, కోడలే కత్తిరింపులన్నీ చూసుకుంటున్నదని చెప్పింది. ఇంకా ఆరుగురేనా అని అడిగాను.

"ఆరుగురమే మేడం. తక్కినోళ్ళను రమ్మంటే, సర్కారు పనిని నమ్ముకుంటే నడుమల ఇడిసిపెడ్తరు, మిర్చియే నయం అంటున్నరు."

"నేనొచ్చి మాట్లాడనా అక్కా?"

"వద్దు మేడం," అన్నది మెల్లగా. "నువ్వొస్తే ఇంకింత భయపడ్తరు."