రెండు తాళాల మిల్లు

సాగర్ కాలువ నీళ్లు మా వైపు పొలాలకు అందిన కొత్త రోజులవి. నిన్నటిదాకా మబ్బు వంక చూస్తూ కూర్చున్న రైతు బండినిండా వడ్లు వేసుకుని మిర్యాలగూడ దారి పట్టాడు. ఆ ఊళ్లో ఎటు తిరిగినా రైసుమిల్లే. ఆ రోజుల్లో మిల్లు పెట్టాలంటే అన్నదమ్ములో, బావాబామ్మర్దులో, వియ్యంకులో వాటాలు కలుపుకునేవాళ్లు. ఎంత ప్రేమగా కలిసేవాళ్లో అంత శ్రద్ధగా కొట్లాడుకునేవాళ్లు. వాళ్లు కొట్లాడుకోబట్టే నాబోటివాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగింది. నేనప్పుడు సూర్యాపేటలో ఒక పెద్ద వకీలుగారి దగ్గర జూనియర్ని. కొత్త నల్లకోటు తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు (ఆ కోటు చూసి మురిసి వచ్చిన పెళ్లి సంబంధాలు, కేసుల సంగతి అడిగి, మంచినీళ్లు తాగి, మర్యాదగా వెళ్లిపోయేవి).

ఒకరోజు పొద్దున మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు యజమాని వచ్చి, అన్నతో పొసగడం లేదు, నా వాటా నాకు పంచి ఇప్పించండి అన్నాడు. అదే సాయంత్రం ఇంకొకాయన వచ్చి, తమ్ముడితో పొసగడం లేదు అన్నాడు. ఇద్దరిదీ ఒకటే మిల్లు. సొంత ఊళ్లో వకీలు దగ్గరికి పోతే పరువు పోతుందని ఒకరికి తెలియకుండా ఒకరు సూర్యాపేట బస్సెక్కారు. వాళ్ల నాన్న మా సీనియరుకు స్నేహితుడు కావడంతో ఇద్దరికీ ఈ గుమ్మమే గుర్తొచ్చింది. మేం వాళ్లను పెద్ద సేటు, చిన్న సేటు అనేవాళ్లం. ఇంతకూ తగువు దేనికంటే, వాళ్ల నాన్న పెట్టిన పాత ఆయిల్ ఇంజనును చిన్న సేటు అమ్మేసి, దాని జాగాలో కరెంటు మోటారు బిగించాడు.

"నాయిన చేతుల మీద పూజైన ఇంజను సారూ. నన్ను ఒక్క మాట అడగకుండ పాత ఇనుము కొనెటోనికి ఏసిండు" అన్నాడు పెద్ద సేటు. అడగకుండా ఎందుకు అమ్మావయ్యా అంటే చిన్న సేటు, "అడిగితే వద్దంటడని ఎర్కనే గద సారూ" అన్నాడు.

మా సీనియరు ఇద్దరి మాటా విని నన్ను పిలిచారు. "ఇద్దర్ల ఎవరి దిక్కు నిలబడ్డా వాళ్ల నాయిన నా కలలకొస్తడు. నువ్వు పో. రాజీ చెయ్యి" అన్నారు. నా కలలోకి ఎవరొచ్చినా ఆయనకు ఫికరు లేదన్నమాట.

వాటాలు తేలేదాకా మిల్లు ఆగకూడదు. అట్లాగని ఒకరు లేనప్పుడు ఇంకొకరు బస్తా కదుపుతారేమోనని ఇద్దరికీ అనుమానం. నేను బాగా ఆలోచించి గేటు గొళ్లేనికి రెండు తాళాలు వేయించాను. ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. రెండూ తీస్తేనే గేటు తెరుచుకుంటుంది. ఈ ఉపాయం ఏ లా పుస్తకంలోనూ లేదని సూర్యాపేటలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. మా సీనియరు మాత్రం, "పుస్తకం రాసినోళ్లకు బుద్ధుండి రాయలేదేమో" అన్నారు.

ఆయన ఎందుకన్నారో తొందర్లోనే తెలిసింది. ఒకరోజు చిన్న సేటు తాళంచెవి మొలతాడుకే ఉంచుకుని నడిగూడెం పెళ్లికి వెళ్లిపోయాడు. నిడమనూరు నుంచి వచ్చిన వడ్లబండ్లు గేటు ముందు వరసగా ఆగిపోయాయి. పైన మబ్బు పడుతోంది. "గీ రెండు తాళాల తెలివి ఎవనిది? జర వాన్ని సూపియ్యుండ్రి" అని రైతులు అడుగుతుంటే, ఆ తెలివిగలవాడు ఎదురు హోటల్లో, చల్లారిపోయిన టీ గ్లాసు వెనక నల్లకోటు మడతపెట్టుకుని కూర్చున్నాడు.

అన్నదమ్ములకు మాటల్లేవు. కానీ మిల్లన్నాక రోజూ చెప్పుకోవలసినవి ఉంటాయి కదా. అందుకని పొద్దున్నే తాళాలు తీసేటప్పుడు ఇద్దరూ గేటుతో మాట్లాడేవాళ్లు. "గేటూ, నిన్న మోటారు వేడెక్కింది, జర సూసుకొమ్మను" అనేవాడు అన్న. "గేటూ, సూపిచ్చిన అని చెప్పు" అనేవాడు తమ్ముడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆపుకోలేక నేను గోడ వైపు తిరిగాను. హమాలీలకు అలవాటైపోయి, వాళ్లకూ ఏదైనా కావలసి వస్తే గేటుకే చెప్పడం మొదలుపెట్టారు.

ఒక పొద్దున పెద్ద సేటు తాళంచెవి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "గేటూ, బిడ్డకు జరం ఎట్లున్నదో అడుగు" అన్నాడు చివరికి. తమ్ముడి చిన్నకూతురి సంగతి. "తగ్గింది. పెదనాయిన ఏడని అడుగుతున్నదని చెప్పు" అన్నాడు చిన్న సేటు. ఆ తర్వాత పెద్ద సేటుకు తాళంలో చెవి ఎంతకూ దూరలేదు. తాళం తుప్పు పట్టిందనుకుని నేను నూనె తెప్పించాను. అంతవరకే నాకు తట్టింది.

ఎట్టకేలకు నా రాజీ కుదిరింది. మిర్యాలగూడ మిల్లు అన్నకు. తన వాటా తీసుకుని తమ్ముడు కోదాడలో సొంత మిల్లు పెట్టుకుంటాడు. పేచీ లేకుండా ఇద్దరూ సంతకాలు పెట్టారు. కలం కింద పెట్టి పెద్ద సేటు నన్నడిగాడు: "అయితే రేపటిసంది ఒక్కటే తాళమా?"

"ఒక్కటే. ఇగ మీకు పరేషాన్ లేదు" అన్నాను ఛాతీ విరుచుకుని. చిన్న సేటు కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. మా సీనియరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకేమో మెప్పే మెప్పు. మిల్లు తగాదా తీర్చిన వకీలని పేరు రావడంతో, అదివరకు మంచినీళ్లు తాగి వెళ్లిన సంబంధమొకటి తిరిగొచ్చి పిల్లనిచ్చింది.

తర్వాతెప్పుడో వేరే పనిమీద మిర్యాలగూడ పోయి ఆ మిల్లు దగ్గర ఆగాను. గొళ్లేనికి చిన్న సేటు తాళం ఇంకా వేలాడుతోంది, నోరు తెరుచుకుని. చెవి తమ్ముడి దగ్గరుంది. తాళాన్ని తీసి పారేయడానికి అన్నకు మనసొప్పలేదు. రోజూ తుడిచి నూనె వేస్తున్నాడని చూస్తేనే తెలుస్తోంది. "మావోడు కోదాడ పోయి ఆంధ్ర దిక్కోళ్ల లెక్క మాటకో 'అండి' తగిలిస్తుండట. లారీ డ్రైవర్లు చెప్పిండ్రు" అని నవ్వాడు పెద్ద సేటు. ఒకసారి పోయి చూసి రారాదా అన్నాను. "పిలువకుండ ఎట్ల పోత సారూ?" అన్నాడు. కోదాడలో చిన్న సేటునూ అడిగాను. "అన్న రమ్మంటే ఈ గడియల్నే బయలుదేరతనండి" అన్నాడు. ఒకరి మాట ఒకరికి మోశాను. "సొంత నోటితోటి అన్లే గద" అని ఇద్దరూ నన్నే తప్పుపట్టారు. రెండు తాళాలున్నన్నాళ్లూ ఆ గేటు ముందు ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. పొద్దున్నే ఇద్దరూ అక్కడుండేవాళ్లు, అంతే. ఆ సంగతి తట్టిన రోజు బస్సులో నాకు చాలా బాధేసింది.

పెద్ద సేటు గుండె ఆగి పోయాడని కబురొస్తే నేనూ వెళ్లాను. చిన్న సేటు కోదాడ నుంచి వచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు. దహనం అయ్యాక, కర్మలు ముగిసేదాకా మిల్లు మూసి ఉంచాలని అందరం గేటు దగ్గరికి నడిచాం. మిల్లు గుమస్తా వచ్చి పెద్ద సేటు తాళం వేశాడు. చిన్న సేటు పక్కన వేలాడుతున్న తన తాళాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో నూనె తడి చూసుకున్నాడు. తర్వాత చొక్కా పైకెత్తి మొలతాడు నుంచి చెవి విప్పాడు. కోదాడలో తలుపు లేని చెవిని ఇన్నాళ్లూ ఒంటిమీదే మోశాడు. తాళం ఇట్టే పడింది.

"గేటూ, అన్నకు జెప్పు" అన్నాడు. పడ్డ తాళాన్ని ఒకసారి లాగి చూసి మళ్లీ అన్నాడు. "నేనొచ్చిన అని చెప్పు. ఇంజను అడిగి అమ్మాల్సుండె. తప్పయింది అని చెప్పు." ఆ మాటల్లో ఒక్క 'అండి' కూడా లేదు. హమాలీలు తలలు తిప్పుకున్నారు. నేను తిప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత వాటాల తగాదాలు చాలా తీర్చాను. నా బతుకంతా అదే పని. రాజీ రాసేటప్పుడు ఒక బావినో, ఒక కాంటానో, పోనీ ఒక గేటునో ఇద్దరి పేర్న పంచకుండా వదిలేసేవాణ్ణి. "ఇదెందుకు కలిపి పెట్టినవ్ సారూ, ఖతం చెయ్యరాదూ" అని కక్షిదారులు విసుక్కునేవాళ్లు. వకీలు సాబుకు మతిమరుపు వచ్చిందని ఒకాయన మా గుమస్తాతో అన్నాడట. ఇప్పుడు ప్రాక్టీసు లేదు, కోటు బీరువాలో ఉంది. పొద్దున్నే మా ఇంటి గేటు తీస్తూ ఏదో ఒకటి చెప్తుంటాను: ఎండ ముదిరిందనో, మోకాలు నొప్పి తగ్గిందనో. "ఎవరితోటి మాట్లాడుతున్నరు?" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తుంది.

"పాత క్లయింటుతోటి" అంటాను.