గుండు మీద ఇంకొకరి చెయ్యి

నా చిన్నప్పుడు, తెల్లదొరల కాలంలో, వేంపల్లె దగ్గర మా ఊళ్లో ఉగాది అంటే పచ్చడి కంటే ముందు గుండే గుర్తొచ్చేది. చావిడి ముందు పడి ఉండే నల్లటి గుండ్రాయి అది. దాన్ని తలపైకెత్తి, మోచేతులు వంచకుండా చావిడి చుట్టూ తిరిగొచ్చినవాడికే ఆ ఏడు ఆసామి ఇంట్లో సేద్యగాడి పని. అంటే ఇంటిల్లిపాదికీ ఏడాది పొడవునా జొన్నలు. మధ్యలో ఇంకెవరి చెయ్యి తగిలినా ఓడినట్టే. ఆ కట్టుబాటు పెట్టినవాడెవడో గానీ, వాడికి ఆకలంటే ఏమిటో తెలిసుండదు.

మా నాయన ఏటా ఎత్తేవాడు. ఒక ఏడు వానల్లేవు. పొయ్యి మీద గంజి తప్ప ఇంకేమీ ఉడకలేదు. అది కూడా మా గిన్నెల్లోనే పోసి, తనకు ఆకలి లేదనేవాడు. మేం నమ్మేవాళ్లం. పిల్లలం కదా, నమ్మితేనే మాకు లాభం.

ఉగాదినాడు నాయన గుండెత్తాడు. జనం ఈలలు వేశారు. చావిడి వెనక్కి తిరిగేసరికి కళ్లు తేలేశాడు. అయినా దించడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అట్లాగే నిలబడిపోయింది. అప్పుడు మా పక్కింట్లో దూది ఏకే సాయిబు తాత, నాయనకు గుండెత్తడం నేర్పిన మనిషే, జనాన్ని తోసుకొచ్చి రెండు చేతులూ గుండు కింద పెట్టేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని నేలకు దించారు.

"నా బిడ్డల నోట్లో మన్ను కొట్టినావు గదా మామా!" అని నాయన అందరి ముందూ ఏడ్చాడు.

ఆ పని ఇంకొకరికి పోయింది. అమ్మా నాయనా బండల గనికి కూలికి పోయారు. నాయన ఇక సాయిబు తాత ముఖం చూడడం మానేసి, గోడ ఇవతల నుంచి రోజూ తిట్టేవాడు. అవతల దూది ఏకే చప్పుడు ఆగేది కాదు.

ఉండబట్టలేక ఒకరోజు నేనే వెళ్లి అడిగాను. "ఎందుకు పట్టుకుంటివి తాతా? మా నాయన సగం పైనే తిరిగొచ్చినాడు గదా."

తాత దూది ఏకే విల్లు పక్కన పెట్టాడు. తన కొడుకూ ఒక ఉగాదినాడు ఆ చావిడి వెనకే కూలి, గుండు ఎదమీద పడి ప్రాణం విడిచాడట. కట్టుబాటు తప్పకూడదని తను పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

"తిట్టనీలేమ్మా. తిట్టేదానికి మీ నాయన ఉండాడు. నా కొడుకు తిట్టేదానికన్నా ల్యాకపాయ" అన్నాడు.

తాత పోయిన రోజు కూడా నాయన గడప దాటలేదు. అందుకు నాకిప్పటికీ నాయన మీద కోపమే. ఆయన మాత్రం నా పిల్లలకు సంగటి ముద్దలు తినిపించేదాకా బతికాడు.

అత్తింట్లో దెబ్బలు ఓర్చుకుంటానన్న నా కూతుర్ని, దాని మాట వినకుండా, చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చాను. పరువు తీశానని అది ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడకపోతే మానె, నా కళ్ల ముందు తిరుగుతోంది.