గుడి ఉంగరం, తల్లిగారింటి మెట్టెలు

చర్చిని మేము గుడి అనేవాళ్ళం. మా గుడిలో పెండ్లిళ్ళన్నిటికీ ఒకటే ఉంగరం, ఇత్తడిది. మా పాస్టరు అయ్యగారి బల్ల సొరుగులో ఉండేది. పెండ్లికూతురి వేలికి తొడిగి ప్రార్థన చేశాక, బువ్వలు కాకముందే మళ్ళీ సొరుగులోకి పోయేది. అందరి వేళ్ళకూ వదులు కనుక దానికి దారం చుట్టారు. ఎంతమంది పెండ్లికూతుళ్ళ చెమట తాగిందో, ఆ దారం నల్లబడిపోయింది. మర్రిగూడ దగ్గరి మా పల్లెలో మా వాళ్ళంతా కూలికి పోయేవాళ్ళు. బంగారం మాట ఎవరెత్తుతారు?

అయ్యగారు గుంటూరు వైపు మనిషి. మంచివాడే. ఎవరికి జ్వరమొచ్చినా గోలీలు పట్టుకుని గుడిసెకే వచ్చేవాడు. కానీ ఆడవాళ్ళ కాలి మెట్టెలంటే ఆయనకు గిట్టేది కాదు. అవి అన్యుల, అంటే విగ్రహాలకు మొక్కేవాళ్ళ ఆచారమట. గుడి మెట్ల దగ్గరే తీసి, కొంగున ముడేసుకుని లోపలికి రావాలి. అందరూ అట్లాగే చేసేవాళ్ళు.

అరవైల మొదట్లో నా పెండ్లి కుదిరింది. మాలో పెండ్లి మెట్టెలు తల్లిగారింటి నుంచే రావాలి. అమ్మ తన పాత వెండి కడియం కరిగించి చేయించింది. ఆ సంగతి తెలిసి అయ్యగారు నన్ను పిలిపించాడు.

"ఉంగరం ఉందిగా, అమ్మాయ్. దానికి మొదలూ తుదీ లేవు, దేవుడి ప్రేమలాగా. ఆ వేలి నరం తిన్నగా గుండెకే వెళుతుంది. ఇంకా మెట్టెలెందుకు?"

మెట్టె వేలి నరం గర్భసంచికి పోతుందని మా అవ్వ చెప్పేది. ఎవరి నరం వాళ్ళకు ముద్దు! తర్వాత నేను పంతులమ్మనై నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఏసు పేరైనా వినని రోమా వాళ్ళు పెండ్లి ఖాయమైన పిల్లకు ఇనుప ఉంగరం ఇచ్చేవాళ్ళట. వాళ్ళూ విగ్రహాలకు మొక్కినవాళ్ళే కదా. వాళ్ళ ఇనుము పవిత్రమై, మా వెండి మైల ఎట్లా అయింది? ఈ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోను కూడా.

ఎందుకంటే అమ్మ సంగతి నాకు తెలుసు. ఆమె కొత్త కోడలిగా ఉన్నప్పుడు మా వాడ ఆడవాళ్ళు దొర గడీ ముందు నుంచి పోవాలంటే మెట్టెలు తీయాల్సిందే. దొర అరుగు మీద ఉన్నా లేకున్నా అంతే. సాయుధ పోరాటం ముదిరి దొర పట్నానికి పారిపోయాక, ఏ పనీ లేకున్నా అమ్మ మెట్టెలు పెట్టుకుని గడీ ముందు బండల మీద నడిచి వచ్చింది.

పెండ్లినాడు అమ్మ తొడిగిన మెట్టెలతోనే గుడిలోకి పోయాను. అయ్యగారు నా కాళ్ళు చూసి పుస్తకం మూసేశాడు.

"తీసి రామ్మా. అప్పటిదాకా పెళ్ళి జరగదు."

పెండ్లికొడుకు తండ్రి నా దగ్గరికొచ్చాడు. "తియ్యి బిడ్డా. జరసేపు తీస్తే ఏం బోతది?"

"తియ్య మామా," అన్నాను.

భయం లేకపోలేదు. వాళ్ళు లేచి వెళ్ళిపోతే నన్ను మళ్ళీ ఎవరు చేసుకుంటారు? అయినా వంగలేదు. పెండ్లికొడుకు తల దించుకుని చాప వైపు చూస్తున్నాడు. అతని మీదా కోపమొచ్చింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచింది.

"అయ్యా, దొర ముంగట తీసినం. బయమయ్యి తీసినం. దేవుని ముంగట గూడ తియ్యాల్నా? గట్లయితే దేవునికి, దొరకు ఫరకేమున్నది?"

 

మొదట కొంగు ముడి విప్పింది నాకు కాబోయే అత్త. పెండ్లికొడుకు తండ్రి ఏదో అనబోతే, "నువ్వు గమ్మునుండు," అని, అందరి ఎదుటే కాలు చాపి మెట్టెలు తొడుక్కుంది. ఆమె పక్కామె విప్పింది. ఆ వెనక ముసలమ్మ విప్పింది. తర్వాత అందరూ.

అయ్యగారు వాళ్ళ కాళ్ళ వైపు చూశాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. దారం చుట్టిన ఉంగరం కూడా తొడిగించుకున్నాను, దాని మీద నాకు పగేమీ లేదు.

మరుసటి ఆదివారం గుడి మెట్ల దగ్గర ఏ ఆడదీ వంగలేదు.