ఎడమ స్టీరింగ్ బండి

కారు పాలిష్ డబ్బా మూత తీయగానే వచ్చే వాసన, మైనమూ కిరోసినూ కలిసినట్టుండే ఆ ఘాటు, ఈరోజుకీ నన్ను పదేళ్ళ పిల్లను చేసి వెనక్కి లాక్కుపోతుంది. మొన్న ఆదివారం కూడా అంతే. నాచారంలో అదే ఇంటి వాకిట్లో, అదే బండి ముందు చిన్న పీట వేసుకుని, మెత్తబడిన పాత బనియన్ గుడ్డతో బానెట్ మీద గుండ్రంగా రుద్దుతున్నాను. బాల్యం గుర్తొస్తే కొందరికి కళ్ళు చెమరుస్తాయట. నాకు పళ్ళు బిగుసుకుంటాయి.

అప్పటి నాచారం ఇప్పటిలా ఇంటి మీద ఇల్లు ఎక్కి కూర్చున్న ఊరు కాదు. పొద్దున ఫ్యాక్టరీ సైరన్ మోగితే అమ్మ పొయ్యి మీద పప్పు ఎక్కించేది, సాయంత్రం సైరన్ మోగితే మేము గోటీలు జేబుల్లో పోసుకుని ఇళ్ళకు ఉరికేవాళ్ళం. గాలి మల్లాపూర్ వైపు నుంచి వీస్తే మందుల కంపెనీల చేదు వాసన, ఉప్పల్ వైపు నుంచి వీస్తే ద్రాక్ష తోటల పులుపు. వానలు మొదలైతే బొగ్గుల మీద కాల్చి ఉప్పూ నిమ్మకాయా రుద్దిన మక్కకంకులు, వానలు తగ్గుముఖం పడితే వడ్ల గడ్డిలో మాగేసిన సీతాఫలాలు, బతుకమ్మ రోజుల్లో బీడు భూముల నుంచి మేమే తెంపుకొచ్చిన తంగేడు పూలు, గునుగు పూలు, ఒడినిండా పల్లీల సత్తుపిండి, రొట్టెలో బెల్లం నలిపి చేసిన మలీద. శివరాత్రికి బస్సెక్కి కీసర గుట్టకు పోతే, మెట్ల మీద కోతులు మా చేతుల్లోంచి కొబ్బరి చిప్పలు గుంజుకుంటుంటే, నేనూ మా చెల్లెలు లతా, అమ్మ కొంగు చెరో పక్కా పట్టుకుని ఏడుస్తూ నవ్వేవాళ్ళం.

ఇన్ని ఉన్న బాల్యంలో మా ఇంటి నడిమధ్య ఉన్నది మాత్రం ఈ బండి.

కువైట్‌లో పనిచేసే మా మేనమామ దాన్ని ఓడ మీద బొంబాయికి తెచ్చి, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చాడు. జపాన్ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే నడుం, ఎండలో దానిమ్మ గింజలా మెరిసే ఎరుపు. గల్ఫ్ బండి కాబట్టి స్టీరింగ్ ఎడమ వైపు ఉండేది. అన్నిటికంటే వింత దాని లైట్లు. పగలంతా బానెట్ లోపల దాక్కుని, బటన్ నొక్కితే మూతలు తెరుచుకుని రెండు కళ్ళలా పైకి లేచేవి. అవి లేవడం చూడటానికి గల్లీ పిల్లలంతా సాయంత్రం మా గేటు పట్టుకుని వేలాడేవారు. మామ మళ్ళీ కువైట్ వెళ్ళిపోతూ, "బావా, నువ్వే వెట్టుకో, నాకెందుకు" అని తాళాలు నాన్న చేతిలో పెట్టాడు. అమ్మ అన్న ఇచ్చిన బండి అది. ఆ ముక్క నేను ఏనాడూ మరిచిపోలేదు.

నాన్న సర్కారు పరిశోధనశాలలో ఇంజనీరు. ఇంట్లో మాట తక్కువ, చూపు ఎక్కువ. బండి వచ్చిన వారానికే దాని చుట్టూ వాకిట్లో సున్నంతో తెల్లటి గీత గీశాడు. గీత లోపలికి పిల్లలు రాకూడదు. పూల పసుపు బండి రంగుకు అంటుకుంటుందని బతుకమ్మను గేటు బయట, రోడ్డు మీద పెట్టించాడు. సకినాలు ఆరబోసిన చీర మీది నుంచి పిండి ఎగిరి అద్దాల మీద పడుతుందని అమ్మ చేత వాటిని మిద్దె ఎక్కించాడు. ఆదివారం పొద్దంతా చొక్కా విప్పి, బనియన్‌తో, ఈ పాలిష్ వాసనలో మునిగి దాన్ని తుడిచేవాడు. మా తలలకు నూనె పెట్టిన చెయ్యి కాదు అది. ఆ చెయ్యి అంత మెత్తగా కదలగలదని నాకు ఆ బండిని చూసే తెలిసింది. పెళ్ళిళ్ళకు పైఅధికారులు వస్తారంటే మాత్రం మమ్మల్ని వెనక సీట్లో కుక్కి తీసుకుపోయేవాడు. చెప్పులు గేటు దగ్గరే దులపాలి, లోపల ఏమీ తినకూడదు, అద్దానికి వేలు తగలకూడదు.

లతకు ఏడేళ్ళప్పుడు, ముసురు పట్టిన శ్రావణంలో జ్వరం వచ్చింది. గోలీలకు తగ్గలేదు. ఆ మధ్యాహ్నం అది కళ్ళు తేలేసి, మెడ కట్టెలా బిగదీసుకుంది. అమ్మ దాన్ని భుజాన వేసుకుని వరండాలోకి వచ్చింది.

"పిల్ల మెడ తిప్పుతలేదు. బండి తియ్యుండ్రి," అంది.

నాన్న తల ఎత్తి మొగులు వైపు చూశాడు. వాకిట్లో పారుతున్న ఎర్రనీళ్ళ వైపు చూశాడు. తర్వాత బండి వైపు చూశాడు. నేను తలుపు పక్కన నిలబడి ఆ మూడు చూపులూ చూశాను.

"గీ వానల బండి దీస్తే అడుగంత తుప్పు వడ్తది. ఆటో దెస్త, జర ఆగు," అని గొడుగు పట్టుకుని బయటికి పోయాడు.

ఆ వానలో ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఎంతకీ రాకపోయేసరికి అమ్మ నన్ను పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి, లత మీద గోనెసంచి కప్పి, మోకాళ్ళ నీళ్ళలో నడుచుకుంటూ పోయింది. హబ్సిగూడ దారిలో నాన్న పట్టుకొస్తున్న ఆటో ఎదురైందట. దవాఖానాలో మెదడు జ్వరం అన్నారు. లత బతికింది. కుడి చెవి పోయింది.

వాళ్ళను దవాఖానాలో ఉంచి నాన్న సాయంత్రం నా కోసం ఇంటికి వచ్చాడు. ఒంటి మీద గుడ్డల నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను పక్కింటి అరుగు మీద నిలబడి "లత ఏదీ" అని అడగబోతున్నాను. ఆయన నా దగ్గరికి రాలేదు. గాలికి బండి మీద కప్పిన టార్పాలిన్ ఒక మూల లేచి ఉంది. ముందు అక్కడికి పోయి, దాన్ని గుంజి, తాడు బిగించి, ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

కాస్త ముందే తీసుకెళ్ళి ఉంటే చెవి మిగిలేదో లేదో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. నాకు ఆ తేల్చడం అవసరం లేకపోయింది.

కొన్నేళ్ళకు బండికి సామాను దొరకడం మానేసింది. వాకిట్లోనే టార్పాలిన్ కింద ఆగిపోయింది. నాన్న ఎవరికీ అమ్మలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్నాను. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎందుకు తీసుకున్నావని అందరూ అడిగేవారు. ఏదో ఒకరోజు ఆ బానెట్ నా చేతులతో తెరవాలని, ఆయన చూస్తుండగా తెరవాలని, నేను ఎవరికీ చెప్పలేదు.

అమ్మ పోయాక నాన్నకు తోడుగా నేనూ మా ఆయనా ఈ ఇంట్లోకే మారాం. వచ్చిన నెలకే టార్పాలిన్ పీకి పారేశాను. నాన్న కర్ర పట్టుకుని గబగబా వచ్చాడు. నేను సంచిలోంచి సున్నం తీసి, బండి చుట్టూ గీత గీసి, గీతకు అవతల ప్లాస్టిక్ కుర్చీ వేశాను.

"ఆడ కూసో నాయినా. లోపటికి రాకు."

ఆయన గీతను చూశాడు, నన్ను చూశాడు, కూర్చున్నాడు. రెండేళ్ళు అలాగే కూర్చున్నాడు.

హీటర్ గొట్టంలో ఎలుకల గూడు, సీట్ల స్పాంజి పొడిపొడి, ఇంజన్ రాయిలా బిగుసుకుపోయి ఉంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, వారాల తరబడి నాననిచ్చి, పొడుగాటి పానాతో రోజూ కాస్త కాస్త తిప్పితే, ఒక సాయంత్రం కీచుమని కదిలింది. బ్రేకుల రబ్బర్లు జపాన్ నుంచి తెప్పించాను. దొరకని బుష్‌లు మల్లాపూర్‌లో లేత్ మీద తీయించాను. ఇథనాల్ కలిపే ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు పైపులు ఆగవని అన్నీ మార్చాను. లైట్లు లేపే మోటారు విప్పుతుంటే నాన్న కుర్చీలోంచి, "గట్ల కాదు బిడ్డా, ఎడమకు దిప్పు" అన్నాడు. విననట్టు కుడికే తిప్పాను. లోపలి గేరు పన్ను విరిగింది. ఇంకోటి తెప్పించాను కానీ ఆయన్ని అడగలేదు.

అడుగు భాగం చూడటానికి బండిని జాకీల మీద లేపిన రోజు మాత్రం ఆయన్ని నేనే గీత లోపలికి పిలిచాను. చెయ్యి పట్టి వంచి టార్చి వేసి చూపించాను. వానకు తడవకుండా అన్నేళ్ళు దాచిన బండి, టార్పాలిన్ కింద చెమ్మకే జల్లెడ అయిపోయింది. రేకులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"సూడు నాయినా. వానల దియ్యకుండనే తుప్పు వట్టింది."

నాకు ఆ రోజు అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

బండి తయారైంది. కొత్త రేకు, కొత్త ఎరుపు, కళ్ళు మళ్ళీ లేచాయి. ప్రతి ఆదివారం స్టార్ట్ చేసి, వేడి చూపే ముల్లు సగానికి వచ్చేదాకా ఆగి, ఆయిలు, బ్రేకు నూనె చూసి, ఉప్పల్ దాకా తిప్పి తెస్తాను. ఈ ఆషాఢంలో నాన్నకు గుండె పరీక్షలకు దవాఖానాకు పోవాల్సి వచ్చింది. తెల్ల చొక్కా వేసుకుని, చెప్పులు దులుపుకుని, బండి పక్కన నిలబడ్డాడు.

"గీ బండిల పోదామా బిడ్డా?"

నేను తల ఎత్తి మొగులు చూశాను. "మబ్బు వట్టింది నాయినా. ఆటో దెస్త, జర ఆగు," అన్నాను.

ఆయన మొహంలో రంగు మారింది. ఆటోలోనే దవాఖానాకు పోయాం.

లత అన్నోజిగూడలో ఉంటుంది, అక్కడే బడిలో టీచరు. ఈ సంగతి దానికి ఫోన్లో గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అది ఫోన్ పెట్టేసింది. ఆదివారం వానలో స్కూటీ మీద తడుచుకుంటూ వచ్చి, తల కూడా తుడుచుకోకుండా నా ముందు చెయ్యి చాపింది.

"చెవి నాదక్కా. పగ నువ్వెందుకు వట్టుకున్నవ్? తాళాలియ్యి."

ఇచ్చాను. అది నాన్నను కుడి సీట్లో కూర్చోబెట్టింది. నేను వెనక ఇరుకులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. వాన దంచుతోంది. ఉప్పల్ చౌరస్తా దాటి వరంగల్ రోడ్డెక్కాం. ఫ్లైఓవర్ స్తంభాల కోసం తవ్వి తవ్వి వదిలేసిన ఆ రోడ్డు మీద, గుంత ఏదో చెరువు ఏదో తెలియదు. స్టీరింగ్ ఎడమన ఉన్న బండిలో కుడి సీటు మనిషికి ఎదురొచ్చే ప్రతి బస్సూ తన మీదికే వస్తుంది. నాన్న లేని బ్రేకును కాలితో తొక్కుతూ అరవడం మొదలుపెట్టాడు.

"మెల్లగ! గుంత! నీళ్ళల్ల దింపకు, ఇంజన్ల నీళ్ళు వోతయ్! లతా!"

లత రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. బండి బురదనీళ్ళను చీల్చుకుంటూ పోయింది. ఎర్రటి బురద అద్దం మీదికి లేచింది. ఆయన మూడోసారి పేరు పెట్టి పిలిచాక అది తాపీగా అంది:

"ఏమన్న అంటున్నవా నాయినా? ఆ దిక్కు నాకు ఇనవడది."

నాన్న నోరు మూతపడింది. ఇన్నేళ్ళు నేను పానాలతో, సున్నంతో, మబ్బులతో చేయలేనిది లత ఒక్క మాటతో చేసింది. అది కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట అంది. నారపల్లి దగ్గర బండి నెమ్మదించినప్పుడు నాన్న తల వంచుకుని, ఎవరికీ కాదన్నట్టు, లత కుడి భుజం వైపు అన్నాడు:

"ఆ దినం బండి దియ్యాల్సుండె బిడ్డా. దియ్యకపోతి."

లతకు వినపడలేదు. వెనక కూర్చున్న నాకు వినపడింది.

స్కూటీని మా వాకిట్లోనే ఉంచేసి వచ్చిన లతను ఆ సాయంత్రం దాని ఇంటి దగ్గర దింపి, తిరిగి నేనే నడుపుకుంటూ వచ్చాను. వాకిట్లో దిగాక నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"లతకు ఇనవడ్డదా?"

"లేదు."

"నువ్వు జెప్పు బిడ్డా. నా తోని మల్ల గాదు."

"నేను జెప్ప. దానికి ఇనవడే దిక్కు కూసోని నువ్వే జెప్పు."

ఇప్పుడు నాచారంలో సైరన్లు లేవు. ద్రాక్ష తోటలున్న నేల మీద అపార్ట్‌మెంట్లు, వాటి పక్కగా మెట్రో. తంగేడు పూలు ఉప్పల్ మార్కెట్లో కొనుక్కోవాలి. మా గేటు పట్టుకుని వేలాడే పిల్లలు లేరు. బండి కళ్ళు లేచినా తల ఎత్తి చూసేవారు లేరు. అమ్మ లేదు. వాకిట్లో సున్నం గీత వానలకు కొట్టుకుపోయింది, మళ్ళీ నేను గీయలేదు.

ప్రతి ఆదివారం లత వస్తుంది. అది వచ్చే వేళకు నాన్న తన కుర్చీని దాని ఎడమ చేతి వైపు పడేలా జరుపుకుంటాడు. గొంతు సవరించుకుంటాడు. టైర్లలో గాలి సరిగ్గా ఉందా అని అడుగుతాడు. ఉందంటుంది లత. కాసేపటికి మళ్ళీ గొంతు సవరించుకుని, బ్యాటరీ నీళ్ళ సంగతి అడుగుతాడు. నేను వాళ్ళిద్దరికీ చాయ్ ఇచ్చి లోపలికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి వింటాను.

ఆ మాట ఇంకా అనలేదు. నాకేం తొందర లేదు.